బ్రియూ కీర్తి

ఫ్రెంచి నాటకకర్త ఉజేన్ బ్రియూ (1858–1932) కీర్తి ఎంత వేగంగా పెరిగిందో అంత వేగంగానూ తరిగిపోయింది. 1911లో ఆయన నాటకాలు మూడింటి ఆంగ్లానువాదానికి పీఠిక రచిస్తూ బెర్నార్డ్ షా ఆయనను ఇబ్సెన్ అనంతరం పశ్చిమ ఐరోపాలో అగ్రగణ్యునిగానూ, ఫ్రాన్సులో మోలియేర్ తరువాత అంతటివానిగానూ ప్రశంసించాడు. అంతకు రెండేళ్ల మునుపే ఫ్రెంచి అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. నేడు మోలియేర్ నాటకాలు దేశదేశాల ప్రదర్శితమవుతున్నాయి. బ్రియూ పేరు చాలవరకు సాహిత్య చరిత్రలకే పరిమితమైంది. ఈ వ్యత్యాసానికి కారణమేమి?

ఆయన ఎదుర్కొన్న సమస్యలు గతించాయనటం సులభమైన సమాధానం. 1901 నాటి ‘లెజ్ అవారియే’ నాటకాన్ని ఇందుకు ఉదాహరణగా చూపవచ్చును. సవాయి రోగం సోకిన యువకుడు వైద్యుని హెచ్చరికను లక్ష్యపెట్టక పెండ్లాడగా, ఆ రోగం పసిబిడ్డకు సంక్రమించటం ఇందలి ఇతివృత్తం. ప్రభుత్వ నిషేధం వల్ల ప్యారిస్ రంగస్థలం మీద ఇది 1905 వరకు ప్రదర్శితం కాలేదు. నలుగురిలో ఉచ్చరించరాని రోగాన్ని గూర్చి మాట్లాడటం ఆనాడు సామాన్య సాహసం కాదు. 1940లలో పెన్సిలిన్ చికిత్స లభించిన పిమ్మట ఆ వాదానికి పదును తగ్గిన మాటా నిజమే.

కాని సమస్య గతించినంత మాత్రాన నాటకం గతించదు. మోలియేర్ ‘తార్తూఫ్’ సైతం 1664లో నిషేధానికి గురై 1669లో విముక్తి పొందినదే. నాటి మతవివాదాలు మరుగునపడినా, ఆ కపట భక్తుడూ, అతనిని నమ్మి ఇల్లు గుల్లచేసుకొన్న ఓర్గాన్ సజీవులై ఉన్నారు. ‘లెజ్ అవారియే’ మూడవ అంకంలోనో, కథ ఆగిపోతుంది, వైద్యుడు ఉపన్యసిస్తాడు, బాధితులు ఒకరి వెంట ఒకరు వచ్చి తమ గాథ చెప్పి నిష్క్రమిస్తారు. వారు వ్యక్తులు కారు, నిదర్శనాలు.

అయినను బ్రియూకు పాత్రసృష్టి చేతకాదనటం అన్యాయం. 1900 నాటి ‘లా రోబ్ రూజ్’లో న్యాయాధికారులకు పదోన్నతి కావాలి, పదోన్నతికి శిక్షలు కావాలి. హత్యానేరం మోపబడిన బాస్క్ రైతు నిర్దోషిగా విడుదలవుతాడు గాని, విచారణలో బయటపడిన భార్య గతం వల్ల అతని సంసారం కూలిపోతుంది. ప్రభుత్వపక్షాన వాదించిన వాగ్రే, విజయం చేతికందే వేళ సందేహానికి లోనై, తన ఉన్నతిని పణంగా పెట్టి ఆ సందేహాన్ని వెల్లడిస్తాడు. ఇక్కడ ఉన్నది ఉపన్యాసకుడు కాడు. ఆశకూ అంతరాత్మకూ నడుమ నలిగిన మనిషి.

బ్రియూను కీర్తించినవారూ, విస్మరించినవారూ ఆయన ఎన్నుకొన్న సమస్యలనే చూశారు. ఆయనకు న్యాయం జరగాలంటే వాగ్రేవంటి మనుష్యులను చూడవలసి ఉన్నది.