ఒక్క గొంతుకు ఒక్క స్పీకర్

1958 ప్రాంతంలో స్టీరియో రికార్డులు విపణిలోకి వచ్చేదాకా ధ్వనిముద్రణ అంటే సాధారణంగా ఒకే ధార. స్టూడియోలో ఎన్ని మైకులు ఉన్నా, వాటి సంకేతాలన్నీ కలిసి ఒక్కటై రికార్డు గాడిలోనో ఫిల్ము అంచునో నమోదయ్యేవి. ఈ పద్ధతినే మోనో అంటారు. తెలుగులో నాటక పద్యాల 78 ఆర్‌పీఎం రికార్డులు, ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’, 1957 నాటి ‘మాయాబజార్’ పాటలు అన్నీ ఈ కోవలోనివే. సినిమా పాటలైతే స్టీరియో వచ్చిన తరువాత కూడా చాలా ఏళ్ళు మోనోలోనే వెలువడ్డాయి. నేడు వీటిని ఎక్కువమంది జంట స్పీకర్ల మీద వింటున్నారు. అందులో తప్పేమీ లేదు గాని, ఆ ముద్రణలు తయారైన తీరును గమనిస్తే వాటికి ఒక్క మంచి స్పీకరే తగినదని తేలుతుంది.

మోనోలో వెడల్పు లేదు, లోతు ఉంది. గాయకుడిని మైకుకు దగ్గరగా నిలిపి, వయొలిన్లను వెనుక కూర్చోబెట్టి, గట్టిగా మోగే వాద్యాలను మరింత ఎడంగా ఉంచి, ఏది ఎంత దూరంలో వినిపించాలో నాటి సౌండ్ ఇంజినీర్లు చెవితోనే నిర్ణయించేవారు. మైకుకు దూరమైన వాద్యం నుంచి నేరుగా వచ్చే ధ్వని తగ్గి, గదిగోడల ప్రతిధ్వని వాటా పెరుగుతుంది కనుక వినేవారికి ఆ వాద్యం వెనుకకు జరిగినట్టు తోస్తుంది. ఈ ముందువెనుకల అమరికే మోనో ముద్రణలోని కళ. అది చక్కగా తెలియాలంటే ధ్వని ఒకే చోటునుంచి పుట్టాలి.

జంట స్పీకర్లలో ఒకే సంకేతం మోగినప్పుడు గొంతు రెండింటి నడుమ ఖాళీలో నిలిచినట్టు అనిపిస్తుంది, అయితే అది నిజమైన మూలం కాదు, భ్రమ. ఎడమ స్పీకర్ ధ్వని ఎడమ చెవిని చేరిన తరువాత, సెకనులో సుమారు నాలుగువేలవ వంతు ఆలస్యంగా, కుడి స్పీకర్ నుంచి అదే ధ్వని తలను చుట్టి అదే చెవికి వస్తుంది. ఆ ఆలస్యం వల్ల 2,000 హెర్ట్జ్ పరిసరాల్లో, అంటే సెకనుకు రెండువేల కంపనాల దగ్గర, అలలు ఒకదాన్నొకటి కొంత రద్దు చేసుకుంటాయి. హల్లులు స్పష్టంగా తెలియడానికి ఎంతో అవసరమైన ప్రాంతం అదే. ప్రాసా యతీ అక్షరాల మీదే నిలబడే తెలుగు పద్యానికి ఇది చిన్న నష్టం కాదు. పైగా కుర్చీ కాస్త పక్కకు జరిగితే చాలు, గొంతు దగ్గరి స్పీకర్ వైపు ఒరిగిపోతుంది. ఒంటి స్పీకర్‌కు ఈ బాధ లేదు, గదిలో ఎక్కడ కూర్చున్నా గాయకుడు తన చోటనే ఉంటాడు.

ఇక ఎలాంటి స్పీకర్ అన్న ప్రశ్న. 1925లో మైకుతో విద్యుత్ ముద్రణ మొదలుకాకముందు, కొమ్ముబూరలోకి పాడించి చేసిన రికార్డులలో సుమారు 200 నుంచి 2,500 హెర్ట్జ్ వరకే ధ్వని పట్టుబడేది. విద్యుత్ పద్ధతి తొలి రోజుల్లోనే ఆ పైహద్దును 5,000 దాటించింది. కాబట్టి మంద్రాన్ని నేల అదిరేలా పలికించే ఊఫర్ గాని, హెచ్చుస్థాయిలను పలికించే చురుకైన ట్వీటర్ గాని ఇక్కడ ముఖ్యం కాదు, మధ్యస్థాయి నునుపుగా, ఒడుదుడుకులు లేకుండా పలకడమే ముఖ్యం. ఒకే కోన్‌తో దాదాపు అన్ని స్థాయిలనూ పలికించే పూర్తిస్థాయి స్పీకర్, లేదా ఊఫర్ మధ్యలోనే ట్వీటర్‌ను అమర్చిన ఏకకేంద్ర స్పీకర్ ఇందుకు బాగా కుదురుతుంది. 1947లో వచ్చిన టానాయ్ డ్యుయల్ కాన్సెంట్రిక్, 1957 నాటి క్వాడ్ ఎలక్ట్రోస్టాటిక్ వంటి ప్రసిద్ధ స్పీకర్ నమూనాలు మోనో యుగంలోనే పుట్టాయని గుర్తుంచుకుంటే, ఒంటి స్పీకర్ శ్రవణం పేదవాని సర్దుబాటు కాదని అర్థమవుతుంది. సూది రాపిడి చప్పుడు భరించలేక హెచ్చుస్థాయిలను పూర్తిగా కోసివేయడం మాత్రం దుర్మార్గమే. చప్పుడుతోపాటు గాయకుడి ఊపిరి కూడా పోతుంది.

స్పీకర్‌ను చెవి ఎత్తున, గోడకు కొంత ఎడంగా ఉంచితే గొంతు తేటగా వస్తుంది. మంద్రం పలుచగా ఉంటే మూలకు దగ్గరగా జరపవచ్చు, ఎందుకంటే గోడలు కలిసే చోట మంద్రధ్వని బలపడుతుంది. ఆంప్లిఫయర్‌లో మోనో మీట ఉంటే అదే వాడాలి. సూది కదలికను సంకేతంగా మార్చే స్టీరియో కార్ట్రిడ్జ్‌తో రికార్డును వినేటప్పుడు ఆ మీట రెండు ధారలను కలిపి, సూది పైకీ కిందికీ ఊగడం వల్ల పుట్టే చప్పుడును చాలావరకు రద్దు చేస్తుంది, ఎందుకంటే మోనో గాడిలో సంగీతం పక్కవాటు కదలికలోనే ఉంటుంది. మీట లేదని ఆంప్లిఫయర్ నుంచి ఎడమ, కుడి స్పీకర్లకు వెళ్ళే తీగలను ముడివేస్తే ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. 78 ఆర్‌పీఎం రికార్డులకు సుమారు 75 మైక్రాన్ల మొన గల సూది, మోనో లాంగ్ ప్లే రికార్డులకు 25 మైక్రాన్లది వాడాలి. 78 రికార్డు వెడల్పయిన గాడిలో సన్నని సూది అడుగుకు దిగి చప్పుడునే ఎక్కువగా ఏరుతుంది.

కొత్త స్పీకర్ కొనకముందే ఈ తేడాను ఇంట్లో పరీక్షించవచ్చు. మోనో మీట నొక్కి, పాత పాటను మొదట రెండు స్పీకర్ల మీద, తరువాత ఒకదాన్ని ఆపి, రెండోదానికి ఎదురుగా కూర్చుని వినాలి. ఒకటి ఆగినప్పుడు శబ్దం తగ్గుతుంది గనుక వాల్యూమ్ పెంచి సమానం చేసిన తరువాతే తీర్పు చెప్పాలి, లేకపోతే గట్టిగా మోగినదే మేలైనదిగా అనిపిస్తుంది.