మొనదేలిన ఆర్చి, మట్టి గోడ: గుంటూరు, ప్రకాశం పల్లె దేవాలయాల నిర్మాణంపై ఒక విమర్శనాత్మక పరిశీలన

తెలుగు క్రైస్తవ సంఘ చరిత్రలో మిషనరీల రాకను గురించి, సామూహిక బాప్తిస్మాలను గురించి, విద్యా వైద్య పరిచర్యను గురించి మనం ఎంతో రాసుకున్నాం. ఆ సంఘాలు కూడుకున్న గోడలను గురించి రాసుకున్నది తక్కువ. గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పొలాల నేలలో (2022 నుంచి ఇందులో కొంత బాపట్ల, పల్నాడు జిల్లాలుగా ఏర్పడింది) పాత దేవాలయాన్ని పడగొట్టి కొత్తది కట్టడం తరచుగా చూస్తున్నాం. కొత్త కట్టడం ముఖభాగంలో మొనదేలిన ఆర్చి, ఎత్తైన గోపురం ఉండాలని సంఘ పెద్దలు పట్టుబడతారు. "చర్చిలాగా ఉండాలి కదా" అంటారు. ఈ 'చర్చిలాగా' అనే మాటలో మనం దేనిని అనుకరిస్తున్నామో, దేనిని విడిచిపెడుతున్నామో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఆ రూపం చాలావరకు మధ్యయుగపు ఇంగ్లండు పారిష్ చర్చిది. నిజానికి మొనదేలిన ఆర్చితో కూడిన ఈ గోతిక్ శైలి ఇంగ్లండుకు కూడా ఫ్రాన్సు నుంచి వచ్చినదే. 1174లో కాలిపోయిన కాంటర్‌బరీ కెథడ్రల్ భాగాన్ని తిరిగి కట్టడానికి సాన్స్ పట్టణపు విలియం అనే ఫ్రెంచి మేస్త్రీని నియమించారు. ఆ తరువాత అది పల్లెలకు పాకింది. 19వ శతాబ్దంలో, 1839లో ఏర్పడిన కేంబ్రిడ్జ్ కామ్డెన్ సొసైటీ, మధ్యయుగపు పారిష్ చర్చి రూపాన్నే ఆదర్శంగా ప్రచారం చేసింది. లాంగ్‌స్టాంటన్ అనే పల్లెలోని సెయింట్ మైకేల్ అనే చిన్న 13వ శతాబ్దపు చర్చి కొలతలను అట్లాంటిక్ దాటించి, 1846లో ఫిలడెల్ఫియాలో సెయింట్ జేమ్స్ ది లెస్ చర్చి మొదలుపెట్టారు. ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రపు లూథరన్లు పంపగానే ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆయన ఈ నమూనాను వెంట తెచ్చారని నేను అనడం లేదు. తేదీలే దానికి ఒప్పుకోవు. అయితే ఆ తరం అమెరికా, ఇంగ్లండు క్రైస్తవులలో ఎందరికో చర్చి అంటే కళ్లకు కట్టే రూపం అదే.

మధ్యయుగపు పారిష్ చర్చిలో మనకు ముఖ్యమైనది ఆర్చి కాదు, బాధ్యత. 13వ శతాబ్దం నాటికి ఇంగ్లండులో ఒక పద్ధతి స్థిరపడింది. ఛాన్సెల్ అని పిలిచే బలిపీఠం వైపు భాగాన్ని రెక్టర్, అంటే దశమభాగాలు పొందేవాడు, బాగుచేయించాలి. ప్రజలు నిలబడే నేవ్ అనే పొడవైన భాగం పారిష్ ప్రజల బాధ్యత. కప్పు కురిస్తే బిషప్పు ముఖం చూడరు; తామే చందా వేసుకుంటారు. అందుకు చర్చి వార్డెన్లు అనే సామాన్య విశ్వాసులు లెక్కలు రాసేవారు. సొమ్ము కోసం పారిష్ పేరున బీరు కాచి అమ్మేవారు కూడా. మన కోత పండుగలో గుమ్మడికాయలు, కోళ్లు, మిరపకాయల బస్తా వేలం వేయడం ఆ ఆచారానికి మర్యాదస్తుడైన తమ్ముడనుకోవచ్చు.

సఫోక్ ప్రాంతంలోని లావెన్‌హామ్ చర్చిని ఉదాహరణగా తీసుకుందాం. గొర్రె ఉన్నితో నేసిన నీలి బట్ట వ్యాపారంతో ఆ చిన్న పట్టణం సంపన్నమైంది. 15వ శతాబ్దం చివర, 16వ శతాబ్దం మొదట అక్కడి నేవ్‌నూ గోపురాన్నీ తిరిగి కట్టారు. గోపురం 141 అడుగులు. దాని మీద బట్టల వర్తకుడు థామస్ స్ప్రింగ్ కుటుంబ చిహ్నాలు చెక్కి ఉన్నాయి. పక్కనున్న లాంగ్ మెల్‌ఫర్డ్ చర్చి బయటి గోడల చుట్టూ దాతల పేర్లే చెక్కారు. కాబట్టి శిలాఫలకాల మోజు మన పల్లెలలో పుట్టిన జబ్బు కాదు. అయితే 1525లో రాజు వేసిన పన్ను వల్ల పనులు పోయి లావెన్‌హామ్‌లో తిరగబడిన నేత పనివారి పేర్లు ఆ గోపురం మీద లేవు. మిరప కోతకు పోయి, ఆ కూలిలో కొంత కానుక సంచిలో వేసిన స్త్రీల పేర్లు మన ఫలకాల మీద ఎన్ని ఉన్నాయి?

మరొక సంగతి గమనార్హం. అంత ధనవంతులైన లావెన్‌హామ్ వర్తకులు 14వ శతాబ్దపు ఛాన్సెల్‌ను పడగొట్టలేదు. పాతదాన్ని అలాగే నిలిపి, దానికి కొత్త నేవ్‌ను జోడించారు. రెండింటికీ శైలి కలవలేదు. నేటికీ లోపల నిలబడినవారికి ఏ తరం ఎక్కడ ముగిసిందో, ఏ తరం ఎక్కడ మొదలైందో కనిపిస్తుంది.

మన నేలలో సంఘం కట్టడానికి ముందే పుట్టింది. ఒంగోలు బాప్తిస్టు సంఘం 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఏర్పడింది. కరువు తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ ఏటి ఒడ్డున గోడలు లేవు. తరువాత పల్లెలలో వచ్చినవి మట్టి గోడల, తాటాకు కప్పుల పాకలు: పగలు బడి, సాయంత్రం ప్రార్థన. ఇంగ్లండు పారిష్ చర్చి ఊరందరిదీ, తరచుగా ప్రభువు ఇంటి పక్కదీ. మన పాక ఊరి వెలుపల, మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో ఉంది. చాలాచోట్ల రెండు పల్లెలకు రెండు పాకలు, రెండు మిషన్లు. ఈ తేడాను చెప్పకుండా రెండు నిర్మాణ సంప్రదాయాలను పోల్చే వ్యాసాలు నాకు అసంపూర్ణంగా తోస్తాయి.

మన వేదాంత విద్యాలయాలలో ఈ చర్చ సాధారణంగా 'విదేశీ గోతిక్' ఒకవైపు, 'దేశీయ శైలి' మరొకవైపు అన్నట్టు సాగుతుంది. మొదటిదానికి 1924లో ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్‌ను, రెండవదానికి బిషప్ అజరయ్య గారి ఆధ్వర్యంలో కట్టి 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌ను చూపిస్తారు. గుమ్మటాలను, మినార్లను, మండప స్తంభాలను ఒకచోట చేర్చిన దోర్నకల్ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ రెండూ కెథడ్రల్సే, బిషప్పు పీఠాలే. పల్లె దేవాలయానికి మొనదేలిన ఆర్చికి బదులు గుమ్మటం పెట్టినంత మాత్రాన అది సంఘానిది అయిపోదు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలిచ్చి గోడను చీలుస్తుందని తెలిసి పునాది తీసిన తాపీ మేస్త్రీ, పల్నాటి నాపరాయి పరిచిన కూలీ, గోడ అలికిన తల్లులు: ఆ కట్టడాన్ని స్థానికం చేసినవారు వీరు.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి ఉంది. పాత గుడి ఇరుకు, బీటలు వారింది, సంఘం పెరిగింది. పైగా తరతరాలుగా ఊరి చివర గుడిసెలలో ఉంచబడినవారు దూరానికి కనిపించే గోపురం కోరుకోవడం డాంబికం కాదు. అది ఆత్మగౌరవ ప్రకటన. తాటాకు పాకను పొగిడే హక్కు అందులో కూర్చుని తడవని నాబోటివారికి అంతగా లేదు. దీనిని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. నా అభ్యంతరం గోపురం మీద కాదు, పాతదాన్ని ఆనవాలు లేకుండా తుడిచివేయడం మీద. చీమకుర్తి నల్లరాతి ఫలకం మీద శంకుస్థాపన తేదీ, అతిథుల పేర్లు, విదేశీ దాత పేరు ఉంటాయి. అంతకు ముందు అక్కడ గుడి ఉండేదన్న మాట తరచుగా ఉండదు. ఎజ్రా గ్రంథం మూడవ అధ్యాయంలో కొత్త మందిరానికి పునాది వేసినప్పుడు మొదటి మందిరాన్ని చూసిన వృద్ధులు ఏడ్చారు. వారి ఏడుపును, అనేకుల ఉత్సాహ ధ్వనిని గ్రంథకర్త కలిపే నమోదు చేశాడు. మన ప్రతిష్ఠ కూడికలలో ఆ ఏడుపుకు చోటు లేదు.

ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు ఉన్నాయి. స్థలం చాలితే పాత గుడిని సండే స్కూలుకు ఉంచుకోవచ్చు. అది కుదరనిచోట ఒక గోడనైనా, పాత ద్వారబంధాన్నైనా కొత్త కట్టడంలో కలుపుకోవచ్చు. పడగొట్టక తప్పదంటే, బి.డి. విద్యార్థులు వేసవి పరిచర్యకు వెళ్లినప్పుడు ముందుగా టేపు పట్టి కొలతలు తీసుకోవాలి: పొడవు, వెడల్పు, గోడ మందం, కప్పు రకం. బాప్తిస్మ రిజిస్టరును ఫోటోలు తీయాలి. పల్లెలో డెబ్బై దాటిన అమ్మమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, ఆ మట్టి ఏ చెరువు నుంచి తెచ్చారో, ఎవరెవరు మోశారో పేరు పేరునా రాసుకోవాలి.