మబ్బంటే చీకటి కూడా

ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' మొదటిసారి చదివి, పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను: చీకటి అంటే కరువు, వెలుగు అంటే ఆశ. మొన్న బెంగళూరు నుంచి ఊరికెళ్తే ఆ పుస్తకం దొరికింది. రాత చూసి సిగ్గేసింది. కవిది తరిమెల, నాదీ అనంతపురం జిల్లానే. మరి ఈ లెక్క ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చానో!

మా వైపు మబ్బంటే మేఘమే కాదు, చీకటి కూడా. "మబ్బున్నే లేసి నీళ్లకు పోతాంటిమి" అనేది మా జేజి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. అదైనా పైరుకు కావాల్సినప్పుడు పడుతుందన్న నమ్మకం లేదు. ఇక్కడ భయపెట్టేది మచ్చ లేకుండా వెలిగే ఆకాశం. అది నల్లబడితే జనం బయటికొచ్చి చూస్తారు. రంగడు, గంగమ్మల బతుకునూ, ఇసకగా మిగిలిన పెన్ననూ ఆ కళ్లతో చదవాలి. సమీక్షల్లో మనం తేలిగ్గా వాడేసే 'వెలుగునీడల సమతుల్యం' ఇక్కడ చెల్లదు. వెలుగు ఎక్కువై, చీకటి చాలని చోటిది.

ఇలాంటిదే ఇంకో మాట, 'కరువు చక్రం'. దీనికి మూలం మన పంచాంగంలోనే ఉందనిపిస్తుంది. 1876లో మొదలైన మహాకరువుకు ధాత కరువని పేరు, ఆ ఏడు ధాత నామ సంవత్సరం కాబట్టి. అప్పటికి అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలోనే ఉంది. అంతకుముందు 1832-33 గుంటూరు కరువు నందన కరువైంది. ధాత అంటే సృష్టికర్త, నందన అంటే ఆనందమిచ్చేది! ఈ పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగొస్తాయి. ధాత 1936లో వచ్చింది, 1996లోనూ వచ్చింది. గుర్తుపెట్టుకోడానికి మంచి పద్ధతే. కానీ పేరుతోపాటు కరువూ తనంతట తానే తిరిగొస్తుందనుకుంటే కొన్ని సంగతులు మరుగున పడతాయి. 1877లో రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు. ఆ కరువులోనే ధాన్యం ఓడలెక్కి పోయింది. ఆఫీసులో ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతుంటే కాలచక్రం అని ఊరుకోం కదా, ఆ కోడ్ ఎవరు రాశారో వెతుకుతాం.

విశ్వం కూడా సీమ పూర్వవైభవం తలుచుకునే చోట్ల ఈ చక్రానికి కొంత లొంగాడనిపిస్తుంది. అక్కడ నాకు చదువు సాగదు. రంగడి గుడిసె దగ్గరికి రాగానే యుగాలు పక్కకెళ్లి, ఈ పూటకి గింజలున్నాయా అన్నదొక్కటే మిగులుతుంది. ఈసారి పెన్సిల్ అక్కడ పెట్టాను.