అభిమాని – సహృదయుడు: టెస్టు క్రికెట్టును అనుసరించు కోలారు తెలుగువారిని గూర్చి ఒక విమర్శ

కావ్యమునకు సహృదయుడెట్టివాడో ఆటకు అభిమాని యట్టివాడని పలువురు చెప్పుచుందురు. ఈ పోలిక చెప్పుటకు సులభము, నిలుపుటకు కష్టము. సహృదయుడు తన సుఖదుఃఖములను కొంతసేపు మరచి కావ్యార్థమున లీనమగును. అభిమానియో తన పక్షము గెలిచిన పొంగును, ఓడిన క్రుంగును. ఆట ఎంత చక్కగా సాగినను తనవారు ఓడినచో అన్నము సయింపని వారు కలరు. అట్టివానికి కలుగునది రసమా, లేక కేవలము లౌకికమైన హర్షశోకములేనా? ఈ ప్రశ్నకు సమాధానమును కోలారు బంగారు గనుల ప్రాంతమునను, కోలారు జిల్లా గ్రామములందును నివసించు తెలుగువారి అనుభవమునుండి వెదకుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట ఆ శ్రోతల స్థితిని గ్రహింపవలెను. కోలారు జిల్లా కర్ణాటక రాష్ట్రమున తూర్పు సరిహద్దున నున్నది. రాజ్యభాష కన్నడము. పల్లెలలో పెక్కు ఇండ్ల భాష తెలుగు. బంగారు గనుల పట్టణమున తమిళము మాటాడువారు అధికులు. వారితో తెలుగువారు, కన్నడిగులు, ఉర్దూ మాటాడువారు, ఆంగ్లో ఇండియనులు ఇరుగుపొరుగై బ్రతికిరి. రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేట, ఊరిగాము, చాంపియన్ రీఫ్, మారికుప్పము అను పేరులలోనే ఈ కలయిక కన్పట్టును. ఆకాశవాణి క్రికెట్టు వ్యాఖ్యానమును హిందీలోను, ఆంగ్లములోను మార్చి మార్చి వినిపించెడిది. కావున ఇచ్చటి తెలుగు శ్రోత ఇతర భాషలలో విని, తన భాషలో తలచి, పొరుగువానితో మూడవ భాషలో ముచ్చటించెడివాడు. తమిళ పత్రికలలో ‘ఓట్టము’ అనగా పరుగు; తెలుగున ‘ఓటమి’ అనగా పరాజయము. ఒకే సందున ఒకనికి లాభమును, మరియొకనికి నష్టమును సూచించు ఈ రెండు మాటలు ప్రక్కప్రక్కన వినబడుట వింతయైనను, ఇచ్చట నిత్యవ్యవహారమే.

ఇట్టి శ్రోతలకు రూపకమును చూచు అలవాటు క్రొత్త కాదు. రాత్రి తెల్లవార్లు వీధినాటకమును, పద్యనాటకమును చూచు సంప్రదాయము ఈ సీమలో చిరకాలమునుండి కలదు. కురుక్షేత్రమున ఎవరు గెలుతురో ఎరుగని ప్రేక్షకుడు లేడు. ఐనను శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరినపుడు, సంధి పొసగిన బాగుండునని అతని మనస్సు కొట్టుకొనును. తెలిసిన కథలో తెలియని దానివలె ఉత్కంఠ పుట్టించుట కవి సామర్థ్యము. టెస్టు క్రికెట్టున ఇది తలక్రిందగును. కథ ఎవరికిని తెలియదు. దానిని ముందుగా కూర్చిన కవియు లేడు. వ్యాఖ్యాత సూత్రధారుడే కాని కర్త కాడు. నాటకమున మెచ్చిన పద్యమునకు ‘వన్స్ మోర్’ అని కేక వేయవచ్చును. పడిన వికెట్టునకు ఆ కేక పనికిరాదు. పైగా, అయిదు దినములు ఆడి ఎవరును గెలువక పోవుట యను ముగింపు ఈ ఆటకు మాత్రమే చెల్లినది. 1987లో పాకిస్తాను జట్టు భారతమునకు వచ్చినపుడు మొదటి నాలుగు టెస్టులు అట్లే ముగిసినవి.

అయిదవది బెంగళూరున జరిగినది. బంగారు గనులకు సుమారు నూరు కిలోమీటర్ల దూరముననే యున్న చిన్నస్వామి మైదానమున మార్చి 13 మొదలు 17 వరకు సాగిన ఆ ఆట ఈ సీమ అభిమానులకు ఇంటిముంగిటి యుద్ధము వంటిది. పాకిస్తాను మొదట 116 పరుగులకే కూలినది. మణిందర్ సింగ్ 27 పరుగులిచ్చి ఏడు వికెట్లు తీసెను. భారతము 145, పాకిస్తాను మరల 249. గెలుపునకు 221 పరుగులు కావలసియుండగా, బంతి గిరగిర తిరుగు ఆ నేలపై సునీల్ గవాస్కర్ 96 పరుగులు చేసి వెనుదిరిగెను. భారతము 204 పరుగులకు ముగిసి 16 పరుగుల తేడాతో ఓడినది. ఇక్బాల్ ఖాసిం, తౌసీఫ్ అహ్మద్ చెరి తొమ్మిది వికెట్లు తీసిరి. భారతభూమిపై పాకిస్తానుకు అదియే తొలి టెస్టు శ్రేణీవిజయము. గవాస్కర్‌కు అదియే కడపటి టెస్టు. ఓడిన పక్షపువాని తొంబదియారు పరుగులే ఆ ఆటకు జీవగఱ్ఱ యని నేటికిని రసజ్ఞులు చెప్పుదురు. ఫలము ప్రతికూలమైనను రసము సిద్ధించుననుటకు ఇది మొదటి నిదర్శనము.

ఇట నొక పూర్వపక్షము కలదు. రసప్రతీతికి విఘ్నములు ఏడని అభినవగుప్తుడు లెక్కించెను. ఇది నాది, ఇది పరునిది యను పట్టుదల అందొకటి. తన సుఖదుఃఖములకే వశుడై యుండుట మరియొకటి. అభిమాని ఈ రెండింటికిని నిలయము గదా, అతనికి రసమెక్కడిదని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపము బలమైనదే. 1999 ఫిబ్రవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సున భారత పాకిస్తానులు తలపడినపుడు, సచిన్ టెండూల్కర్ షోయబ్ అఖ్తరుకు తగిలి పరుగు పూర్తిచేయలేక అవుటైనందుకు జనము అల్లరి చేసిరి. కడపటి దినమున ప్రేక్షకులను వెడలగొట్టి, ఇంచుమించు శూన్యమైన మైదానమున ఆట ముగింపవలసి వచ్చినది. ప్రేక్షకుడే లేని రూపకము! అభిమానము తన విషయమును తానే మ్రింగినదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు.

కాని అదే సంవత్సరము, దానికి కొలది దినములకు ముందు, చెన్నపట్టణపు చేపాకమున జరిగిన దానిని మరువరాదు. భారతము 271 పరుగులు చేయవలసియుండగా సచిన్ టెండూల్కర్ నడుము నొప్పితోనే 136 చేసి, గెలుపు కనుచూపు మేరలో నుండగా అవుటయ్యెను. పిదప మూడు వికెట్లు నాలుగు పరుగులకే పడినవి. పాకిస్తాను 12 పరుగులతో గెలిచినది. మైదానమంతయు ఒక క్షణము నిశ్శబ్దమయ్యెను. పిమ్మట జనము లేచి నిలిచి, ప్రదక్షిణము చేయుచున్న పాకిస్తాను ఆటగాండ్రను కరతాళములతో గౌరవించిరి. ఆ జనమునకు అభిమానము లేదనరాదు. లేనిచో ఆ నిశ్శబ్దమే యుండదు. దుఃఖము పడియు దాని కావల నిలిచిరి. కావున అభిమానము విఘ్నమే యైనను దాటరాని విఘ్నము కాదు. పక్షము లేనివానికి ఆట అంకెల పట్టిక; పక్షమే సర్వస్వమైనవానికి అది కలహము. ఈ రెండింటి నడుమ నడచువాడే క్రీడాసహృదయుడు.

ఈ విషయమున తెలుగు నుడికారమే ఒక దారి చూపుచున్నది. ఆట విను తెలుగువాడు ‘మనవాళ్లు గెలిచిరి’ అనును, ‘మావాళ్లు’ అనడు. ‘మా’ అన్నచో వినువాడు వెలి. ‘మన’ అన్నచో వినువాడును లోపలివాడే. తమిళమునకును ఈ భేదము కలదు. నేటి కన్నడమున ‘నమ్మ’ యను ఒక్క మాటయే రెండింటికిని చాలును. అచ్చట భేదమును సందర్భము చెప్పవలెను. బడిలో బాలురకు వ్యాకరణముగా నేర్పు ఈ చిన్న విశేషము వీధిలో ఒక ధర్మముగా మారును. ప్రక్కవాని కులమును, మతమును, భాషను అడుగకయే ‘మనవాళ్లు’ అని పలికినపుడు, వక్త వానిని తన పక్షమున చేర్చుకొన్నవాడగుచున్నాడు. పాకిస్తానుతో ఆట జరుగునపుడు ఈ మాటకు పరీక్ష వచ్చును. ఎవడు ఎంత సంతసించెను, ఎవని ముఖమున ఏ ఛాయ కనబడెనని పొరుగువానిని కొలుచుటకు పూనుకొన్న అభిమాని, నోట ‘మన’ అనుచు మనసున ‘మా’ అనుచున్నాడు. పలు భాషలవారు, పలు మతములవారు ఒకే గనిలోనికి దిగి, ఒకే ప్రమాదమునకు తలయొగ్గి బ్రతికిన ఊరిలో ఈ మార్పు వ్యాకరణదోషము మాత్రమే కాదు. కూడి బ్రతుకుటకే అపచారము.

తెలుగువారి అభిమానమునకు మరియొక చిక్కు కలదు. రాష్ట్రజట్ల పోటీలలో కోలారు తెలుగువాడు ఎవని పక్షము? ఉన్న రాష్ట్రమునకు చెందిన కర్ణాటక జట్టా, మాటాడు భాషకు చెందిన హైదరాబాదు, ఆంధ్ర జట్లా? పరసీమలో స్థిరపడిన తెలుగువారి కిది పాత సమస్యయే. 1932లో లార్డ్స్ మైదానమున భారతజట్టుకు తొలి నాయకుడైన సి.కె. నాయుడు నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువాడు. అతని పరుగులు ఏ రాష్ట్రపువని ఎవరును తగవులాడలేదు. టెస్టు ఆటలో ఈ చిక్కు విడిపోవుటకు 2001 నాటి ఆస్ట్రేలియా శ్రేణికంటె చక్కని ఉదాహరణము దొరకదు.

ఆ శ్రేణికిని బంగారు గనులకును కాలము విచిత్రమైన ముడి వేసినది. ఫిబ్రవరి 27న ముంబయిలో తొలి టెస్టు మొదలైనది. మరునాడు, ఫిబ్రవరి 28న, ప్రభుత్వరంగమున నున్న భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ గనులు మూతపడినవి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ చేపట్టినది మొదలు నూటయిరువది యేండ్లు సాగి, మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు చొచ్చి, 1902లోనే శివసముద్రమునుండి విద్యుత్తును పొందిన పని ఆనాటితో ముగిసినది. మార్చి 1న ముంబయిలో భారతము పది వికెట్ల తేడాతో ఓడినది. ఆస్ట్రేలియాకు అది వరుసగా పదియారవ టెస్టు విజయము. ఆ వారమున గనుల పట్టణమునకు రెండు వార్తలును ఒకే రంగున నుండెను.

మార్చి 11న కలకత్తాలో రెండవ టెస్టు మొదలైనది. హర్భజన్ సింగ్ వరుస బంతులతో మువ్వురిని కూల్చి, టెస్టులలో ఈ ఘనత పొందిన తొలి భారతీయుడయ్యెను. ఐనను ఆస్ట్రేలియా 445 చేసినది. భారతము 171కే ముగిసి, 274 పరుగుల వెనుకబాటుతో ఫాలో ఆన్ ఆడవలసి వచ్చినది. అప్పుడు హైదరాబాదువాడైన వి.వి.ఎస్. లక్ష్మణ్‌ను మూడవ స్థానమునకు పంపిరి. బెంగళూరువాడైన రాహుల్ ద్రావిడ్ ఆరవ స్థానమున వచ్చెను. మార్చి 14న, నాలుగవ దినమంతయు, వీరిద్దరు విడివడక ఆడి 335 పరుగులు చేర్చిరి. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180, ఇరువురి జోడి 376. 657 పరుగులకు ఆట నిలిపి, కడపటి దినమున ఆస్ట్రేలియాను 212కు ముగించి భారతము 171 పరుగులతో గెలిచినది. ఫాలో ఆన్ ఆడి గెలుచుట టెస్టు చరిత్రలో అది మూడవ మారు మాత్రమే. పిదప చెన్నపట్టణమున రెండు వికెట్ల తేడాతో గెలిచి భారతము శ్రేణిని చేజిక్కించుకొన్నది. ఆ ఒక్క ఆటలోనే హర్భజన్ 15 వికెట్లు తీసి, గెలుపు పరుగులను కూడ తానే చేసెను.

అలంకారశాస్త్రము నెరిగినవారు ఈ అయిదు దినములను పంచసంధులతో పోల్ప నుత్సహింతురు. అది కొంతవరకే పొసగును. విమర్శసంధిలో ఫలసిద్ధికి విఘ్నము కలుగవలెను; కలకత్తాలో నాలుగవ దినము నిర్విఘ్నముగా సాగినది. విఘ్నము రెండవ దినముననే వచ్చినది. అయిదవ దినమున తేనీటి విరామమునకు 161 పరుగులకు మూడు వికెట్లే పోగొట్టుకొన్న ఆస్ట్రేలియా, పిదప ఏడు వికెట్లు కోల్పోయిన తీరు ఏ లాక్షణికుని సూత్రమునకును లొంగదు. కవి లేని కథకు లక్షణమును తొడిగించుటకంటె, దానిని విన్నవాని మనోవ్యాపారమును పరిశీలించుట మేలు. ఆ నాలుగవ దినమున కోలారు తెలుగువానికి హైదరాబాదును, బెంగళూరును వేరువేరు పక్షములు కాలేదు. ఒకడు మాటకు బంధువు, ఒకడు మన్నునకు బంధువు. ఇరువురును ఒకే పలకమీది రెండు అంకెలైరి. ఎవరి గెలుపునకును మరియొకరి ఓటమి అవసరము కాలేదు. సరిహద్దు తెలుగువాని జీవితమున ఇట్టి దినములు అరుదు.

ఐతే విమర్శకుడు ఇట జాగరూకుడై యుండవలెను. ఈ ఆటను గనుల కథకు నీతిపాఠముగా చెప్పబూనువారు కలరు: క్రుంగినవారు ఓర్పుతో లేతురు, వెనుకబడినవారు గెలుతురు అని. ఈ ఉపమానము వినుటకు ఇంపు, అర్థమునకు చెల్లదు. ఫాలో ఆన్ అనునది శిక్షయే యైనను ఆడుటకు మరల నొక అవకాశము. గనులకు అట్టి రెండవ ఇన్నింగ్సు రాలేదు. పనిపోయిన కుటుంబములవారు తెల్లవారకమునుపే రైలెక్కి బెంగళూరునకు పోయి రాత్రికి మరలు కూలిబ్రతుకునకు అలవాటుపడిరి. లక్ష్మణ్ పరుగులు వారి బియ్యపు డబ్బాను నింపలేదు. కావ్యము కూడు పెట్టదని సహృదయునికి తెలియును. ఐనను అతడు కావ్యమును వినును. శోకమును మాన్పుట రసము పని కాదు. శోకములో నున్నవాడు, తన శోకము కాని దానియందు ఒక దినమంతయు నిలిచి, తిరిగి వచ్చునపుడు తన దుఃఖమును కొంచెము ఎడముగా చూడగలుగుట మాత్రము రసము వలన కలుగు ఫలము. అంతకు మించి చెప్పుట ఆటకును న్యాయము కాదు, గనిపనివారికిని న్యాయము కాదు.

మొదటి ప్రశ్నకు ఇక సమాధానము చెప్పవచ్చును. అభిమాని పుట్టుకతో సహృదయుడు కాడు; కాగలడు. బెంగళూరున ఓడిన గవాస్కరును మెచ్చినపుడు ఒక మెట్టు, చేపాకమున గెలిచిన పరపక్షమును గౌరవించినపుడు మరియొక మెట్టు, కలకత్తాలో రెండు ఊళ్లవారిని ఒకే మాటతో ‘మన’ అని పిలిచినపుడు ఇంకొక మెట్టు అతడెక్కుచున్నాడు. ఈ మెట్లు ఎక్కుటకు అతనికి శాస్త్రము రానక్కరలేదు. ఆ ‘మన’ అను మాటను దాని నిండు అర్థముతో పలికిన చాలును. కోలారు సీమలో తెలుగు చదువుకొను పిల్లలకు పెద్దలు ఈ ఒక్క మాటను దాని అర్థము చెడకుండ అందింపగలిగిన, వారు ఆటను చక్కగా విందురు. ఇరుగుపొరుగుతో చక్కగా బ్రతుకుదురు.