కౌంటరు విలువ: అంకె, అర్థం – ఒక పరిశీలన

నెట్‌వర్క్ నిర్వహణకు ఉద్దేశించిన ఎస్‌ఎన్‌ఎంపీ ప్రోటోకాల్‌లోని మౌలిక దత్తాంశ రూపాలలో కౌంటరు ఒకటి. రౌటరు ఇంటర్‌ఫేసు గుండా సాగిన ఆక్టెట్లు, ప్యాకెట్లు, దొర్లిన దోషాలు ఈ రూపంలోనే నమోదవుతాయి. 1990లో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1155 కౌంటరుకు రెండు లక్షణాలు చెప్పింది. దాని విలువ పెరుగుతూ మాత్రమే పోతుంది. గరిష్ఠమైన 4294967295ను చేరాక మళ్ళీ సున్న నుంచి పెరుగుతుంది. నిర్వచనం క్లుప్తంగా ఉంది. అయితే లెక్క ఎక్కడ మొదలవుతుందో, మధ్యలో తెగితే ఏమవుతుందో అందులో లేదు.

ఈ కొరతను తర్వాతి ప్రమాణాలు తీర్చాయి. కౌంటరుకు నిర్ణీతమైన ప్రారంభ విలువ లేదనీ, కనుక ఒక్క విలువ సాధారణంగా ఏ సమాచారాన్నీ ఇవ్వదనీ 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2578 స్పష్టం చేసింది. కరెంటు మీటరుపై కనిపించే అంకె ఆ నెల వాడకం కాదు. పాత రీడింగును తీసివేస్తేనే యూనిట్లు తేలుతాయి. కౌంటరు విషయంలోనూ అర్థం రెండు విలువల భేదంలోనే ఉంది.

అసలు చిక్కు ఆ భేదాన్ని గణించడంలో ఉంది. మొదటి విలువ 4294967000, తర్వాతిది 200 అనుకుంటే, ఒక ఆవృత్తి పూర్తయిందని భావించి 496 అని లెక్కకట్టవచ్చు. ఆ నడుమ పరికరం పునఃప్రారంభమై ఉంటే 496 అసత్యం. ఈ రెండు స్థితులకూ అంకెలు ఒకే తీరుగా కనిపిస్తాయి. అందువల్ల పరికరం ఎంతసేపటి నుంచి నడుస్తున్నదో తెలిపే విలువను, ఇంటర్‌ఫేసు లెక్క ఎప్పుడు తెగిందో తెలిపే విలువను కూడా చదవవలసి ఉంటుంది.

వేగం ఈ చిక్కును పెంచింది. పూర్తి వేగంతో నడిచే 10 మెగాబిట్ల లింకులో 32 బిట్ల ఆక్టెట్ కౌంటరు తిరగడానికి సుమారు 57 నిమిషాలు పడితే, గిగాబిట్ లింకులో 34 సెకన్లు చాలు. ఐదు నిమిషాలకొకసారి చదివే వ్యవస్థకు ఆ నడుమ జరిగిన ఎనిమిది ఆవృత్తుల జాడే తెలియదు. 64 బిట్ల కౌంటరు ఈ ఆవృత్తి సమస్యను ఆచరణలో తొలగించింది గాని, విచ్ఛేద సమస్యను తొలగించలేదు.

ఒంటరి అంకెకు అర్థం లేదని ఒప్పుకోవడం ఈ ప్రమాణంలోని నిజాయితీ. అర్థనిర్ణయ భారాన్నంతా చదివేవారిపై మోపడం దాని పరిమితి. విచ్ఛేదాన్ని పరిశీలించకుండా గీసిన గ్రాఫులో కనిపించే శిఖరం రద్దీకి కాక, లెక్క తెగడానికి గుర్తు కావచ్చు.