చావు అంచు దాకా వెళ్లొచ్చినవాళ్ల మాట

చావు అంచు దాకా వెళ్లొచ్చిన మనిషి చెప్పేది ఓపిగ్గా వినడం, విన్నది పెంచకుండా రాయడం చాలా కష్టమైన పని. అమెరికా రచయిత రేమండ్ మూడీ ఆ పని చేసిన తీరంటే నాకెంతో గౌరవం.

1965లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఫిలాసఫీ చదువుతుండగా ఆయన జార్జ్ రిచీ అనే సైకియాట్రిస్టు కథ విన్నారు. 1943లో టెక్సాస్ సైనిక శిబిరంలో న్యుమోనియాతో చనిపోయాడని తేల్చేశాక మళ్లీ ఊపిరి పోసుకున్న మనిషి రిచీ. ఏళ్ల తర్వాత మూడీ పాఠాలు చెబుతున్న రోజుల్లో, ఒక విద్యార్థి తన ఇంట్లో పెద్దావిడకు జరిగింది చెప్పాడు. దాదాపు అదే కథ! అప్పటినుంచి అలాంటివాళ్ల కోసం వెతికారు. సుమారు 150 మంది అనుభవాలు పోగయ్యాయి. ఈలోగా మెడిసిన్ చదువులో చేరారు. ఆ పట్టా ఇంకా చేతికి రాకముందే, 1975లో, ‘లైఫ్ ఆఫ్టర్ లైఫ్’ వెలువడింది.

ఆ పుస్తకంలో నాకు నచ్చేది దాని నిదానం. చీకటి సొరంగం, వెలుగు, తన శరీరాన్ని తానే పైనుంచి చూసుకోవడం... ఇన్ని పోలికలు చూపిస్తూనే, ఏ ఇద్దరి అనుభవమూ అచ్చుగుద్దినట్టు ఒకటి కాదంటారు. మందుల ప్రభావమేమో, మెదడుకు ఆక్సిజన్ అందకేమో అన్న వాదాలనూ పరిశీలిస్తారు. చచ్చాక బతుకుందని రుజువు చేశానని మాత్రం అనరు. తర్వాత అద్దంలో చనిపోయినవాళ్లను చూసే ప్రయోగాల వైపు వెళ్లారు. అంత దూరం నేను ఆయన వెంట నడవలేను.

కానీ ఎవరికైనా చెబితే పిచ్చి అంటారేమోనని నోరు మెదపనివాళ్లు ఆయన దగ్గర మనసు విప్పారు. ఆ దారిలోనే, 1983లో బ్రూస్ గ్రేసన్ అనే సైకియాట్రిస్టు ఇలాంటి అనుభవాలను కొలవడానికి ఏకంగా ఒక ప్రశ్నావళే తయారుచేశారు.