రికార్డు బటన్

మౌస్ మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. 'నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్' అన్న మాట మొదటి పేరాలో కనిపిస్తే మిగతాది చదవకుండానే చెప్పెయ్యొచ్చని ఒక పాఠకుడు ఆ మధ్య ఉత్తరం రాశారు. ఆయన ఈ వారం కూడా సగం దాకా నిశ్చింతగా ఉండొచ్చు.

మా మేనల్లుడు మిడిల్‌వేర్ సపోర్టులో చేస్తాడు. ఆదివారం భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ తెరిచి, "మావయ్యా, స్క్రిప్టులు నేర్చుకో, నేర్చుకో అని ఊరికే ప్రాణం తీస్తావుగానీ, అవి కన్సోలే రాసిస్తుంది తెలుసా?" అన్నాడు. తెలియకేం. వెబ్‌స్పియర్ సర్వర్లను మౌస్‌తో నడిపే ఆ కన్సోల్‌లో, 2006లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచీ ఉన్నదే. అయినా చూపించకుండా వదల్లేదు. తన ప్రాక్టీసు మెషీన్‌లో జెవిఎం పేజీకి వెళ్లి, మ్యాగ్జిమం హీప్ సైజు 512 ఉంటే 1024 చేసి అప్లై కొట్టాడు. తెరకు కుడిపక్క సహాయం గడిలో, ఆఖరున చేసిన పనికి స్క్రిప్టింగ్ కమాండ్ చూపించే లింకు ఒకటుంటుంది. నొక్కితే చిన్న కిటికీ తెరుచుకుంది.

వాడు మార్చింది ఒక్క అంకె. కిటికీలో మాత్రం 'అడ్మిన్‌టాస్క్.సెట్‌జెవిఎంప్రాపర్టీస్' అని మొదలై నోడు పేరు, సర్వరు పేరు, ఆ వెనకే పేజీలో ఉన్న గడులన్నీ బారులు తీరి వచ్చాయి. వెర్బోస్ క్లాస్ ఫాల్స్, వెర్బోస్ గార్బేజ్ కలెక్షన్ ఫాల్స్, డీబగ్ మోడ్ ఫాల్స్, ఆన్ చెయ్యని ఆ డీబగ్‌కు ఆర్గ్యుమెంట్లు, వాటిలో 7777 అనే పోర్టు నంబరు. వాడు మురిసిపోతున్నాడు, నాకు ఒళ్లు మండుతోంది.

ఎందుకు మండదు? ఇదే కమాండును సర్వరు పేరొక్కటీ మార్చి ఇంకోచోట నడిపారనుకోండి. అక్కడ మెమరీ లీకు వెంటపడ్డవాళ్లెవరో గార్బేజ్ కలెక్షన్ లాగు కావాలనే ఆన్ చేసి పెట్టి ఉంటారు. హీప్ పెంచమన్న పాపానికి ఆ లాగు కిక్కురుమనకుండా ఆగిపోతుంది. రికార్డు చేసిన స్క్రిప్టు దస్తావేజులో హద్దులు రాసినట్టుంటుంది. తూర్పున ఫలానా వారి దొడ్డి, పడమర పంచాయతీ బాట. ఆ స్థలం వరకు అక్షరాలా నిజం. పేరు మార్చి పక్క ఊళ్లో రిజిస్టర్ చేయిస్తానంటే కుదరదు.

అసలు రికార్డింగులో 'ఇఫ్' ఉండదు. ఉందో లేదో చూడు, ఉంటే వదిలెయ్, లేకపోతే చెయ్, కుదరకపోతే అక్కడితో ఆగు: స్క్రిప్టుకు ప్రాణమంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. క్లిక్కుల్లోంచి ఇవి రావు. చెయ్యి ఏం చేసిందో యంత్రానికి తెలుస్తుంది, మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది? ఎక్సెల్‌లో మ్యాక్రో రికార్డు చేసినవాళ్లను అడగండి, పేజీ కిందికి జరిపినందుకు కూడా ఒక లైను రాసి పెడుతుంది. కాబట్టి చేత్తో రాయండి, చేత్తో రాస్తేనే చెయ్యి తిరుగుతుంది అని ఎప్పటి పాట పాడి ముగిద్దామనే కూర్చున్నాను.

కానీ చేత్తో రాయడమంటే ఏమిటో తలుచుకుంటే అమీర్‌పేట గుర్తొచ్చింది.

మైత్రీవనం పక్క సందుల్లో గోడ కనపడకుండా బ్యానర్లు ఉండే రోజులవి. వెబ్‌లాజిక్, వెబ్‌స్పియర్, ఒరాకిల్ డీబీఏ, పక్కనే టిఫిన్ బండి. క్లాసులో సారు ప్రొజెక్టరు మీద కన్సోల్ తెరిచి క్లిక్ చేసుకుంటూ పోయేవారు. ముందు బెంచీలో ఎవరో ఒక అమ్మాయి గుండ్రటి అక్షరాలతో అంతా రాసుకునేది. 'ఎడమవైపు ఎన్విరాన్‌మెంట్ క్లిక్ చెయ్యాలి, సర్వర్స్ క్లిక్ చెయ్యాలి, న్యూ నొక్కాలి.' కోర్సు అయిపోయేసరికి ఆ నోట్సు కింద జిరాక్సు షాపులో స్పైరల్ బైండింగుతో అమ్మకానికి వచ్చేది. తర్వాతి బ్యాచీ అది కొనేది, దాని జిరాక్సును ఆ తర్వాతి బ్యాచీ కొనేది. నాలుగో తరం కాపీలో అంచులు నల్లబడి ఆరుకూ ఎనిమిదికీ తేడా తెలిసేది కాదు. వెర్షన్ మారి కన్సోల్ రూపమే మారిపోయినా నోట్సు మాత్రం మారేది కాదు. ఆ నోట్సులో లేని బటన్ తెర మీద కనిపిస్తే, అది మనకు సంబంధించింది కాదన్నట్టు దాటేసేవాళ్లం.

ఉద్యోగాల్లో చేరాక స్క్రిప్టులదీ అదే వరస. పై లైన్లో ఎప్పుడో కంపెనీ మారిన ఒకాయన పేరు. లోపల, తీసేసిన సర్వరు దారి. మధ్యలో ఒక 'స్లీప్ 30'. ఎందుకుందో ఎవరికీ తెలియదు, తీసెయ్యడానికి ఎవరికీ ధైర్యం లేదు. చేత్తో రాశామని ఛాతీ విరుచుకునే స్క్రిప్టుల్లో నూటికి తొంభై ఇలాంటి జిరాక్సులే. ఇంకొకడి చేతిరాతను, వాడెందుకు రాశాడో తెలియకుండా దిగరాసుకున్నవే.

మరి కమాండులు నిజంగా ఎక్కడ నేర్చుకున్నామంటే, ఐబీఎం వారి ఏఐఎక్స్ మెషీన్ల మీద. 1990లోనే ఏఐఎక్స్‌కు స్మిట్ అనే మెనూ ఉండేది. ఫారం నింపాలి, ఎంటర్ కొడితే పనైపోతుంది. అదే ఎంటర్ కొట్టేముందు ఎఫ్6 నొక్కితే, ఈ ఫారం వెనక నడవబోయే కమాండు ఇదీ అని చూపించేది. మా సీనియర్ ఒకాయన పెట్టిన నియమం ఒక్కటే: ఎఫ్6 చూడకుండా ఎంటర్ నొక్కకూడదు. యూజర్‌ను చేర్చేటప్పుడు ఎంకె‌యూజర్, మార్చేటప్పుడు సిహెచ్‌యూజర్, తీసేటప్పుడు ఆర్‌ఎంయూజర్, చూడ్డానికి ఎల్‌ఎస్‌యూజర్. గ్రూపుల దగ్గరికి వెళ్తే ముందు ముక్క అదే, వెనక ముక్క గ్రూప్. పుస్తకం ముట్టుకోకుండానే ఆ వ్యాకరణం పట్టుబడింది. చేసిందంతా హోమ్ డైరెక్టరీలో 'స్మిట్.స్క్రిప్ట్' అనే ఫైల్లో చేరుతుండేది, ఏ కమాండు ఎప్పుడు నడిచిందో వెతుక్కోవడానికి. గ్రాఫిక్ తెర ఉన్నవాళ్లకు అదనంగా ఒక బుల్లి మనిషి. పని నడుస్తున్నంతసేపూ పరిగెత్తేవాడు, అయితే చేతులు పైకెత్తేవాడు, చెడితే బోర్లా పడేవాడు. (ఇన్నేళ్లలో అంత సూటిగా ఎర్రర్ చెప్పిన సాఫ్ట్‌వేర్ ఇంకోటి నేను చూడలేదు.)

తర్వాత మైక్రోసాఫ్ట్ వాళ్లూ ఆ దారికే వచ్చారు. అక్కడి ఇంజనీరు జెఫ్రీ స్నోవర్ 2002లో మొనాడ్ మ్యానిఫెస్టో రాశారు, 2006లో ఆ ఆలోచన పవర్‌షెల్ అనే కమాండ్ భాషగా బయటికొచ్చింది. మెయిల్ సర్వరు ఎక్స్‌చేంజ్ 2007 కన్సోల్‌ను దానిమీదే కట్టారు. మెయిల్‌బాక్సు విజర్డు ఆఖరి పేజీలో, నడిచిన కమాండు కనపడేది, కంట్రోల్ సి కొట్టి తీసుకోమని కింద రాసి ఉండేది. కన్సోల్ అంటే కమాండు మీద కప్పిన ముసుగే అయినప్పుడు ముసుగు తీసి చూపించడం దానికేం కష్టం?

ఇప్పుడు మా వాడి కిటికీ దగ్గరికి వద్దాం. అందులో ఉన్నది అందంగా లేదు, అడగనివన్నీ ఉన్నాయి. అయితే లేని ఆప్షన్ ఒక్కటీ లేదు. ఆ మెషీన్ మీద, ఆ నిమిషంలో జరిగిందే అందులో ఉంది. చాట్‌బాట్‌ను అదే పని అడిగి చూడండి. చక్కటి కామెంట్లతో, 'ఇఫ్'లతో, నేను పైన అడిగిన నాలుగు ముక్కలతో సహా రాసిస్తుంది. మధ్యలో ఒక్కోసారి ఈ భూమ్మీద ఏ వెర్షన్‌లోనూ లేని ఆప్షన్ కూడా కలిపేస్తుంది. ఉద్దేశం కావాలి, ఉద్దేశం కావాలి అని ఇన్నేళ్లూ అరిచాను, ఉద్దేశం ఇప్పుడు కిలోల లెక్కన దొరుకుతోంది. కరువొచ్చింది జరిగినదాని రాతకే. అమెజాన్ కూడా ఏడబ్ల్యూఎస్ కన్సోల్‌లో క్లిక్కుల్ని కోడ్‌గా మార్చే సౌకర్యాన్ని 2024లో అందరికీ తెరిచింది. ముందు రికార్డింగు, దాని మీద ఏఐ చేతిపని. ఆ రెంటిలో నాకు కావలసింది మొదటిదే, రెండోది ఎవరైనా చేసిపెడతారు.

కాబట్టి మా వాడిని తిట్టలేదు. ఆ రికార్డింగును నడపకు, చదువు అన్నాను. ఏ గడి మార్చావో ఆ ఆప్షన్ ఉంచి, మిగతావి ఎందుకొచ్చాయో ఒక్కొక్కటే కనుక్కుని కొట్టెయ్యి. అసలు కాపీని చేంజ్ టికెట్‌కు జతచెయ్యి. స్పైరల్ బైండింగు మాత్రం చేయించకు.

"అయితే రాయడం నేర్చుకోనక్కర్లేదన్నమాట," అన్నాడు వాడు.

వాళ్ల టీము వచ్చే నెల వెబ్‌లాజిక్‌కు మారుతోందట. అక్కడా పాత వెర్షన్ల కన్సోల్‌లో రికార్డు బటన్ ఉంది, కానీ అది కాన్ఫిగరేషన్ మార్పుల్నే రాస్తుంది. సర్వరు ఆపడం, లేపడం లాంటివి దాని ఖాతాలోకి రావు. మా వాడి రాత్రి షిఫ్టులో పనంతా అవే.